చలికి ముడుచుకుని జూన్‌లో పూసే ప్రెయిరీ జెముడు: ఎస్కొబేరియా వివిపారా పెంచడం ఎలా

అమెరికాలో కొలరాడో రాష్ట్రంలోని డెన్వర్ నుంచి ఈశాన్యంగా గంటన్నర కారులో పోతే పానీ నేషనల్ గ్రాస్‌ల్యాండ్ వస్తుంది. ఇలాంటి గడ్డి మైదానాన్నే ఇక్కడ ప్రెయిరీ అంటారు. కనుచూపు మేరా పొట్టి గడ్డే, నీడకు చెట్టుండదు. ఒక జూన్ మధ్యాహ్నం అక్కడ నడుస్తుంటే కాళ్ల దగ్గర గడ్డిలో ముదురు గులాబీ రంగు కనబడింది. వంగి చూస్తే నిమ్మకాయంత ముళ్ల బంతి, దాని నెత్తిన ఇంచుమించు దానంత పువ్వు. సన్నటి రేకులు లెక్కలేనన్ని, మధ్యలో పసుపు కేసరాలు. ఒకటి కంటబడ్డాక చూస్తే చుట్టూ ఇరవై దాకా ఉన్నాయి. అంతవరకు వాటి మధ్యే నడుస్తున్నానని నాకు తెలియలేదు. పువ్వు లేనప్పుడు ఈ మొక్క గడ్డిలో కలిసిపోతుంది.

మాది అనంతపురం జిల్లా. ఎండిన నేల, ముళ్ల మొక్కలు నాకు కొత్త కాదు. అందుకే ఈ జెముడు పెంచడం సులువనుకున్నాను. మొదటి రెండూ చచ్చిపోయాయి. ఎందుకు చచ్చిపోయాయో అర్థమయ్యాక పెట్టినవి మా ఇంటి ముందు ఆరేళ్లుగా పూస్తున్నాయి. కొలరాడో, కాన్సాస్, డకోటాలు, కెనడాలో ఆల్బర్టా, సస్కాచెవాన్ వైపు ఉన్న తెలుగువాళ్లు దీన్ని నేలలోనే పెంచుకోవచ్చు. మిగతా చోట్ల ఉన్నవాళ్ల సంగతి చివర్లో చెబుతాను.

ముందు ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. ఈ మొక్కను చంపేది చలి కాదు, చలికాలంలో వేర్ల దగ్గర నిలిచే తడి. కింద చెప్పే పనుల్లో చాలా వరకు ఆ తడిని ఆపడానికే.

మొక్కను గుర్తుపట్టడం, పేర్ల గందరగోళం

అంగడిలో దీన్ని పిన్‌కుషన్ కాక్టస్ అంటారు, కొందరు స్పైనీస్టార్ అంటారు. పిన్‌కుషన్ అనే పేరు ఇంకా చాలా కాక్టస్‌లకు ఉంది కాబట్టి చీటీ మీద శాస్త్రీయ నామం చూసే కొనండి. అక్కడా ఒక చిక్కు ఉంది. థామస్ నట్టాల్ అనే వృక్షశాస్త్రవేత్త 1811లో మిస్సోరీ నది వెంబడి తిరిగాడు, 1813లో ఈ మొక్కకు కాక్టస్ వివిపారస్ అని పేరు పెట్టాడు. తర్వాత అది మామిల్లేరియా అయింది, కోరిఫాంతా అయింది, ఎస్కొబేరియా అయింది, ఈమధ్య పెలెసిఫోరాలో కలిపారు. నర్సరీల్లో ఇప్పటికీ ఎస్కొబేరియా, కోరిఫాంతా రెండు పేర్లూ కనబడతాయి. మొదటి మాట ఏదైనా, రెండో మాట 'వివిపారా' అయితే అది మన మొక్కే. వివిపారా అంటే పిల్లల్ని కనేది అని అర్థం. అరటికి పిలకలు వచ్చినట్టు దీనికి మొదలు దగ్గర పిలకలు వస్తాయి, కొన్నేళ్లకు గుంపు అవుతుంది.

ఒంటి నిండా చిన్న చిన్న బొడిపెలు ఉంటాయి. ప్రతి బొడిపె కొసన తెల్లటి ముళ్లు నక్షత్రంలా పరుచుకుని, మధ్యలో కొన్ని ముళ్లు ఎర్రగోధుమ రంగు కొసలతో నిలబడి ఉంటాయి. ఎదిగిన మొక్కలో బొడిపె పైభాగాన సన్నటి గాడి కనిపిస్తే గుర్తు సరిపోయినట్టే. మామిల్లేరియాలకు ఆ గాడి ఉండదు.

మన ఊళ్లలో జెముడు అని పిలిచే వాటిలో బొంతజెముడు, ఆకుజెముడు కాక్టస్‌లు కావు. గిల్లితే పాలు కారతాయి, అవి యూఫోర్బియాలు. నాగజెముడు మాత్రం నిజమైన కాక్టస్, అది అమెరికా ఖండం నుంచి వచ్చి మన గట్ల మీద స్థిరపడింది. ఆ లెక్కన ఈ ప్రెయిరీ మొక్క దానికి చుట్టమే.

మొదటి అడుగు: మొక్క ఎక్కడ తెచ్చుకోవాలి

గడ్డి నేలల్లోంచి తవ్వి తేవద్దు. ప్రభుత్వ భూముల్లో అనుమతి లేకుండా మొక్కను పెకలించడం నేరం. పైగా చిన్న మొక్క ఆ సైజుకు రావడానికి ఏళ్లు పట్టి ఉంటుంది, వేర్లు తెగితే ఇంట్లో బతికే అవకాశం తక్కువ. విత్తనం నుంచి పెంచి అమ్మే నర్సరీలు ఉన్నాయి. డెన్వర్ బొటానిక్ గార్డెన్స్ వాళ్లు ఏటా వసంతంలో మొక్కల అమ్మకం పెడతారు. మీ ఊళ్లో కాక్టస్ సొసైటీ ఉంటే వాళ్ల అమ్మకాలూ మంచి చోటే.

కొనేటప్పుడు విత్తనం ఏ ప్రాంతానిదో తప్పకుండా అడగండి. ఈ జాతి కెనడా నుంచి ఉత్తర మెక్సికో దాకా పెరుగుతుంది. ఆరిజోనా ఎడారి వైపు విత్తనంతో వచ్చిన మొక్క, ఆల్బర్టా విత్తనంతో వచ్చినంత చలిని తట్టుకోకపోవచ్చు. చల్లటి రాష్ట్రంలో ఉంటే కొలరాడో లేదా అంతకన్నా ఉత్తరాది విత్తనమే తీసుకోండి.

రెండు మూడు మొక్కలు తీసుకోవడం మేలు, అవీ వేర్వేరు విత్తనాల నుంచి వచ్చినవి. ఒకే మొక్క పిలకలు విడదీసి పెడితే అవన్నీ ఒక్క మొక్క కిందే లెక్క. వేరే మొక్క పుప్పొడి అందితేనే కాయలు బాగా పడతాయి.

రెండో అడుగు: చోటు

రోజుకు కనీసం ఆరు గంటల ఎండ కావాలి. ఇంటికి దక్షిణం వైపో, పడమర వైపో గోడకు కాస్త దూరంగా ఉన్న చోటు బాగుంటుంది. చూరు నీళ్లు పడే చోటు వద్దు, గొట్టం నీళ్లు వదిలే చోటు అసలే వద్దు. లాన్ స్ప్రింక్లర్ ఎంత దూరం చిమ్ముతుందో ఒకసారి ఆన్ చేసి చూడండి. చాలామందికి మొక్క కుళ్లిపోయేది ఇక్కడే. మనం నీళ్లు పోయకపోయినా వారానికి మూడుసార్లు స్ప్రింక్లర్ పోస్తూనే ఉంటుంది.

చలికాలంలో నడకదారి మీద మంచు తోసి కుప్ప పోసే చోటు కూడా కాకూడదు. దారి మీద చల్లిన ఉప్పు ఆ మంచుతో కలిసి మడిలోకి దిగుతుంది.

ఇంటి ముందు గడ్డి తీసేసి కంకర మడి వేస్తే హెచ్ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) వాళ్లు ఏమంటారో అని టెన్షన్ ఉంటుంది. కొలరాడోలో తక్కువ నీటి తోటలను హెచ్ఓఏ పూర్తిగా నిషేధించకుండా చట్టం ఉంది. నమూనా గీసి ముందే అనుమతి అడిగితే గొడవ ఉండదు. ఇలాంటి తోటకు జెరిస్కేప్ అనే పేరు పుట్టింది డెన్వర్‌లోనే, 1981లో డెన్వర్ వాటర్ సంస్థ ఆ మాటను తెచ్చింది.

మూడో అడుగు: మడి కట్టడం

ఎక్కువ శ్రమ పెట్టాల్సింది ఇక్కడ. మిగతా పనుల్లో కాస్త అటూ ఇటూ అయినా మొక్క సర్దుకుంటుంది, మడి తప్పితే సర్దుకోదు.

డెన్వర్ చుట్టుపక్కల ఇళ్ల దగ్గర చాలా చోట్ల జిగట మట్టి. మన నల్లరేగడిలాగే తడిస్తే ముద్ద, ఎండితే నెర్రెలు. ముందు పరీక్ష చేయండి. అడుగు లోతు గుంత తవ్వి నిండా నీళ్లు పోయండి. గంటకు కూడా నీళ్లు నిలిచి ఉంటే నేలలో నేరుగా నాటొద్దు. గుంత తవ్వి అందులో ఇసుక నింపి నాటితే సరిపోతుందని కొందరంటారు. నేను మొదట అలాగే చేశాను. చుట్టూ జిగట మట్టి ఉన్నప్పుడు ఆ గుంత గిన్నెలా మారి, వాన నీరంతా అందులోనే చేరుతుంది.

కిందికి తవ్వకండి, పైకి కట్టండి. మీటరు పొడవు, మీటరు వెడల్పు, 25 సెంటీమీటర్ల ఎత్తు దిబ్బ చాలు, అందులో అయిదారు మొక్కలు పడతాయి. దానికి పావు క్యూబిక్ మీటరు సరుకు పడుతుంది. ఇసుక, కంకర అమ్మే ఇక్కడి యార్డుల్లో క్యూబిక్ యార్డు లెక్కన అమ్ముతారు, మీకు కావలసింది అందులో మూడో వంతు.

సగం చిన్న కంకర, పావు వంతు గరుకు ఇసుక, పావు వంతు అక్కడి మట్టి, ఇంతే పాళ్లు. కొలరాడో యార్డుల్లో పావు అంగుళం కంకరను స్క్వీజీ అంటారు. ఆ పేరుతోనే అడగండి, ఇంకేదో చెబితే పెద్ద రాళ్లు పోస్తారు. పిల్లలు ఆడుకునే మెత్తటి ఇసుక వద్దు, అది కంకర సందుల్లో చేరి సిమెంటులా గట్టిపడుతుంది. కంపోస్టు, పీట్ (కుళ్లిన నాచు మట్టి), ఎరువు కలిపిన మట్టి ఏవీ వేయొద్దు. మొక్కకు బలం కావాలి కదా అని చేయి లాగుతుంది, ఆపుకోండి. ఆ బలానికి మొక్క మెత్తగా ఉబ్బి, మొదటి చలికే దెబ్బ తింటుంది.

దిబ్బ కట్టాక ఒక మగ్గు నీళ్లు ఒకే చోట పోసి చూడండి. పది లెక్కపెట్టేలోపు ఇంకిపోవాలి. పోకపోతే ఇంకాస్త కంకర కలపండి.

నాలుగో అడుగు: నాటడం

డెన్వర్‌లో అయితే మే సగం దాటాక, ఆఖరి మంచు భయం పోయాక నాటండి. జులై చివరి దాకా నాటొచ్చు. అంతకన్నా ఆలస్యమైతే చలి వచ్చేలోపు వేరు పట్టదు.

గ్రీన్‌హౌస్‌లో పెరిగిన మొక్కను తెచ్చిన రోజే ఎండలో పెట్టకండి. డెన్వర్ సముద్ర మట్టానికి మైలు ఎత్తున ఉన్న ఊరు, ఎండ చురుకు ఎక్కువ. కాక్టసే కదా అని వదిలేస్తే రెండు రోజుల్లో దక్షిణం వైపు తెల్లగా మాడిపోతుంది, ఆ మచ్చ జన్మంతా పోదు. మొదటి వారం ఉదయపు ఎండ మాత్రమే తగలనివ్వండి. రెండో వారం మధ్యాహ్నం పూట పల్చటి గుడ్డ కప్పండి. ఆ తర్వాత పూర్తి ఎండ.

నాటే రోజు మట్టి, మొక్క రెండూ పొడిగా ఉండాలి. వార్తాపత్రికను నాలుగు మడతలు పెట్టి పట్టీలా చేసి మొక్క నడుముకు చుట్టి పట్టుకోండి, తోలు గ్లవుజులకన్నా ఇదే సుఖం. కుండీలోంచి తీసి పాత పీట్ మట్టిని వీలైనంత దులిపేయండి. వేర్లలో కుళ్లినవి ఉంటే కత్తిరించి, మొక్కను నీడలో మూడు నాలుగు రోజులు ఆరబెట్టండి. వేర్లు విడదీసి పెట్టి, మొక్క మెడ (ఒళ్లు, వేరు కలిసే చోటు) చుట్టుపక్కల మట్టికన్నా వేలెడు వెడల్పు పైన ఉండేలా నాటండి. తర్వాత మెడ చుట్టూ రెండు సెంటీమీటర్ల మందాన కంకర పరవండి. మెడకు మట్టి తగలకుండా కంకరే తగలాలి.

నాటగానే నీళ్లు పోయకండి. తెగిన వేర్లు మానడానికి వారం పడుతుంది, ఆ తర్వాతే మొదటి తడి.

అయిదో అడుగు: నీళ్లు

నాకు ఎక్కువ కష్టమైంది ఇదే, దానికి కారణం మన రుతువులే. అనంతపురంలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన, అందులో ఎక్కువ పడేది సెప్టెంబరులో. నేల తడిసి ప్రాణం లేచొచ్చే కాలం అదే. డెన్వర్‌లో పడేది 370 మిల్లీమీటర్ల దాకా, అందులో ఎక్కువ తడి మే నెలది. ఈ మొక్క ఆ వసంతపు తడికి లేచి, జూన్‌లో పూసి, సెప్టెంబరుకల్లా దుకాణం కట్టేస్తుంది. సెప్టెంబరు అక్టోబరుల్లో చెట్టుకు నీళ్లు పోయాలనే మన అలవాటు దీనికి సరిగ్గా తలకిందులు.

నాటిన మొదటి వేసవిలో వాన లేకపోతే పది పదిహేను రోజులకోసారి నిండుగా తడపండి. రోజూ కొంచెం కొంచెం చిలకరించడం వద్దు. రెండో ఏడాది నుంచి జూన్, జులైల్లో మూడు వారాలు వాన రాకపోతే ఒక్క తడి. ఆగస్టులో అదీ తగ్గించండి. సెప్టెంబరు మొదటి వారం తర్వాత నేలలో ఉన్న మొక్కకు ఒక్క చుక్క కూడా పోయొద్దు, మళ్లీ ఏప్రిల్ దాకా.

ఎరువు గురించి చెప్పడానికి పెద్దగా లేదు. మడిలో ఉన్నదానికి అక్కర్లేదు. కుండీలో ఉన్నదానికి మే నెలలో ఒకసారి, నైట్రోజన్ తక్కువున్న కాక్టస్ ఎరువు చెప్పిన మోతాదులో సగం.

ఆరో అడుగు: చలికాలంలో చేయి కట్టుకుని కూర్చోవడం

మొదటి ఏడాది అక్టోబరులో అమ్మ ఇక్కడే ఉంది. మొక్క చుట్టూ ముడతలు పడి, సగానికి సగం తగ్గి, పచ్చదనం పోయి ఊదా రంగుకు తిరిగింది. అమ్మ చూసి, "నోరు లేని చెట్టురా, రవ్వంత నీళ్లు పొయ్యి" అంది. నాకూ అలాగే అనిపించి ఒక చెంబు పోశాను. మొక్క రెండు రోజుల్లో కాస్త ఉబ్బింది, ఇద్దరం సంతోషపడ్డాం. నవంబరు మొదట్లో గట్టి చలి వచ్చింది. మార్చిలో చూస్తే ముళ్ల గూడు మాత్రం మిగిలింది, లోపల గోధుమ రంగు నీళ్లు.

ఆ ముడతలు దాహం కాదు. పగలు కురచై రాత్రులు చల్లబడే కొద్దీ మొక్క తనలోని నీటిని తానే వదులుకుంటుంది. నీరు తగ్గితే కణాల్లోని రసం చిక్కబడుతుంది, చిక్కటి రసం సులువుగా గడ్డకట్టదు. ఒళ్లు కుంగి నేల మట్టానికి దిగితే మంచు దుప్పటి కింద దాక్కోవడం కూడా తేలిక. పార్క్ నోబెల్ అనే శాస్త్రవేత్త ఈ జాతి మీదే గడ్డకట్టే చలి ప్రభావాన్ని పరిశీలించి 1981లో వ్యాసం ప్రచురించాడు. చలి కొద్దికొద్దిగా పెరిగితే మొక్క రాటుదేలుతుంది. ఆ సిద్ధపాటు మధ్యలో మనం నీళ్లు పోస్తే కణాలు మళ్లీ నిండుతాయి, గడ్డకట్టిన నీరు వాటిని చీల్చేస్తుంది. చెంబు నీళ్లతో నేను చేసింది అదే.

కాబట్టి నవంబరు నుంచి మార్చి దాకా చేయాల్సిందల్లా చూడటమే. మంచు పడితే పడనివ్వండి, దులపొద్దు. ప్లాస్టిక్ కప్పొద్దు, లోపల చెమ్మ పట్టి కుళ్లుతుంది. ఎండుటాకులు మొక్క మీద తడిసి అతుక్కుంటే మాత్రం పటకారుతో తీసేయండి.

ఫిబ్రవరిలో చూస్తే చచ్చిపోయినట్టే ఉంటుంది. పీకి పారేయకండి. ఐస్‌క్రీమ్ పుల్లతో పక్కనుంచి మెల్లగా నొక్కండి. ముడతలతో గట్టిగా తగిలితే బతికే ఉంది. మెత్తగా లోపలికి దిగిపోయినా, అడుగున గోధుమ రంగు నీరు ఊరినా పోయినట్టే. అనుమానంగా ఉంటే మే చివరి దాకా ఆగండి. ఏప్రిల్ వానలకు ఇది ఉబ్బే తీరు చూస్తే ఆశ్చర్యమేస్తుంది, రెండు మూడు వారాల్లో మళ్లీ నిండు బంతి అవుతుంది.

కుండీలో ఉన్నదైతే వర్షం, మంచు నేరుగా పడకుండా చూరు కిందో, హీటర్ లేని గ్యారేజీలోనో పెట్టండి. వెచ్చటి గదిలోకి మాత్రం తేవద్దు. చలి తగలని మొక్క సన్నగా సాగిపోతుంది, వేసవిలో సరిగా పూయదు. మట్టి కుండీలు చలికి పగులుతాయి, లోపలి మట్టి పూర్తిగా పొడిగా ఉంటే ఆ ప్రమాదం తగ్గుతుంది.

పువ్వు, కాయ

మే నెలలో నెత్తి మీద ఉన్ని లాంటి తెల్లటి నూగులోంచి మొగ్గలు లేస్తాయి. జూన్‌లో ఎండ బాగా ఎక్కాక విచ్చుకుని, సాయంత్రానికి మూసుకుంటాయి. మబ్బు రోజున పూర్తిగా తెరుచుకోవు. ఉదయం ఆఫీసుకు వెళ్లి చీకటి పడ్డాక వచ్చేవాళ్లు ఏళ్ల తరబడి మొగ్గలు, వాడిన పూలే చూస్తారు. ఆ వారంలో ఒక రోజు మధ్యాహ్నం ఇంట్లో ఉండేలా చూసుకోండి. తేనెటీగలు పసుపు కేసరాల్లో దొర్లి పైకి లేస్తుంటాయి. అవి రాని చోట మెత్తటి బ్రష్‌తో ఒక మొక్క పుప్పొడిని ఇంకో మొక్క పువ్వుకు అంటించండి.

కాయ పండినా చాలా రోజులు ఆకుపచ్చగానే ఉంటుంది, కాబట్టి రంగు చూసి చెప్పలేం. వేళ్లతో నొక్కితే మెత్తగా తగిలి, లాగితే తేలిగ్గా ఊడొస్తే పండినట్టు.

కలుపు, పురుగు, కుందేలు

గడ్డి మొలక ముళ్ల మధ్యలోంచి లేస్తే చిన్నప్పుడే పటకారుతో లాగేయండి. వేరు దిగాక లాగితే మొక్క కూడా కదులుతుంది. పిండినల్లి పడితే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదిపుల్లతో తుడవండి, వారం తర్వాత మళ్లీ చేయండి. కరువు ఏడాదిలో కుందేళ్లు నీటి కోసం కొరుకుతాయి. కోళ్ల జాలీని చిన్న గూడులా వంచి బోర్లించడమే దీనికి మందు.

పిలకలు, విత్తనాలు

పిలక తీయాలంటే మే, జూన్ నెలల్లో తీయండి. శనగగింజంత పిలకను ముట్టుకోవద్దు, గోళీ కాయంత అయ్యాక శుభ్రమైన కత్తితో మొదలు దగ్గర కోయండి. గాటు గట్టిపడే దాకా వారం పది రోజులు నీడలో ఉంచి, పొడి కంకర మట్టిలో నిలబెట్టండి.

విత్తనంతో ఆలస్యమవుతుంది కానీ నాకు ఇదే ఎక్కువ ఇష్టం, ప్రతి మొక్కా వేరే రంగు ఛాయతో వస్తుంది. కాయను టీ వడకట్టే జల్లెడలో నలిపి కడిగితే ఆవగింజంత ఎర్రగోధుమ గింజలు మిగులుతాయి. కాగితం మీద ఆరబెట్టండి. జనవరిలో చిన్న కుండీలో కంకర మట్టి వేసి, గింజలు చల్లి, పైన పల్చగా సన్న కంకర కప్పి బయట పెట్టేయండి. గడ్డకట్టడం, కరగడం నాలుగైదు సార్లు జరిగితే గింజ నిద్ర లేస్తుంది. బయట చలి లేని ఊళ్లో ఉంటే తడి ఇసుకలో కలిపి, జిప్ సంచిలో పెట్టి ఆరు వారాలు ఫ్రిజ్‌లో ఉంచండి, తర్వాత 20 నుంచి 25 డిగ్రీల సెల్సియస్ వెచ్చదనంలో చల్లండి.

మొలకలకు మాత్రం పెద్ద మొక్క నియమాలు పనికిరావు. మొదటి రెండు మూడు నెలలు పై మట్టి ఎండనివ్వకండి, మధ్యాహ్నపు ఎండ తగలనివ్వకండి. ఏడాది తిరిగేసరికి పెసరగింజంతో, శనగగింజంతో ఉంటాయి. మొదటి చలికాలం గ్యారేజీలో పొడిగా ఉంచి, రెండో వసంతంలో మడిలోకి మార్చండి. పువ్వు రావడానికి మూడు నుంచి అయిదేళ్లు పడుతుంది.

వాన ఎక్కువున్న చోట్ల, ఇండియాలో

న్యూజెర్సీ, అట్లాంటా లాంటి చోట్ల నేలలో పెట్టొద్దు. కుండీలో, ఏడాది పొడుగునా చూరు కింద ఉంచి, ఎండ మాత్రం తగిలేలా చూడండి. డాలస్‌లో కూడా కుండీయే నయం.

ఇండియాకు వెళ్తూ సూట్‌కేసులో పెట్టుకెళ్లాలని మాత్రం అనుకోకండి. కాక్టస్ మొక్కలు సైటీస్ ఒప్పందం (అరుదైన మొక్కలు, జంతువుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం) కిందకు వస్తాయి. పైగా ఇండియాలోకి మొక్క తేవాలంటే దిగుమతి అనుమతి, ఆరోగ్య ధ్రువపత్రం కావాలి. తెచ్చినా హైదరాబాద్‌లో, విజయవాడలో దీనికి కావలసిన చలి దొరకదు, వానాకాలపు తేమకు కుళ్లిపోతుంది.

అక్కడ ఉన్నవాళ్లు గడ్డి నేలల చిన్న కాక్టసే కావాలనుకుంటే నోటోకాక్టస్ ఓటోనిస్ అడగండి, కొన్ని చీటీల మీద పారోడియా అని ఉంటుంది. అది దక్షిణ బ్రెజిల్, ఉరుగ్వే, ఈశాన్య అర్జెంటీనా గడ్డి మైదానాల మొక్క. మెరిసే పసుపు పువ్వు, మధ్యలో ఎర్రటి కీలాగ్రం. దానికి గడ్డకట్టే చలి అక్కర్లేదు. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నపు నీడ, వానాకాలంలో చూరు, డిసెంబరు, జనవరి నెలల్లో నీళ్లు బాగా తగ్గించడం, వీటితో బాల్కనీ కుండీలో పూస్తుంది.